ఎడమ పక్క

బాయేఁ అంటే ఎడమ, దాయేఁ అంటే కుడి, అన్నం తినే చెయ్యి దాయేఁ, తినని చెయ్యి బాయేఁ అని దుర్గ్ కోర్టు మేడ మీద వరండాలో గోడకి ఆనుకుని నిలబడి వనజాక్షి లోపల్లోపల వల్లె వేసుకుంటోంది, వల్లె వేస్తున్న కొద్దీ ఆ రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడి నలిగి ఒకే మాట అయిపోతున్నాయి, కూరగాయల బేరానికీ పాలవాడితో పోట్లాటకీ ఏనాడూ తడబడని హిందీ ఇవాళ పొద్దున్నించీ నోట్లో ఇసకలా ఉంది. నరసన్నపేట నించి పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలో రిక్షావాడికి దాయేఁ అని చెప్పి చెయ్యి మాత్రం ఎడమకి చూపించేది, పక్కన కూర్చున్న జితేంద్ర పడీ పడీ నవ్వేవాడు, నీ నోరు వేరే ఊరు పోతాది, నీ చెయ్యి వేరే ఊరు పోతాది అనేవాడు. ఆ జితేంద్రే ఇప్పుడు కింద, టైపు మిషన్లు టకటకలాడే రేకుల షెడ్డు పక్క బల్ల మీద, ఇనుప చువ్వలు బిగించిన కాలు ముందుకి చాపుకుని, పైకి ఎక్కలేక, ఆమె నోటినే నమ్ముకుని కూర్చున్నాడు. కిందటి వాయిదాకి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు మెట్లెక్కించారు, మలుపు దగ్గర కుర్చీ గోడకి తగిలినప్పుడు ఆయన అరవలేదు, పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాడు, కళ్ళ చివర్న నీళ్ళు మాత్రం వాటంతటవే కారాయి. ఆ కుర్చీలోంచే ఆయన జడ్జి ముందు చెప్పాడు, నా బండి రోడ్డుకి బాయేఁ తరఫే పోతోంది సాబ్, నా భార్య వెనక్కి తిరిగి లారీని చూసి కేకేసింది, అంతలోనే లారీ గుద్దేసింది అని. చెప్పింది కాగితం మీద టైపు అయిపోయింది. ఇంక ఆమె వెనక్కి తిరిగి చూసి తీరాలి.

చూసిందా? అక్కడికే రావడానికి ఆమెకి భయం. ఆ రోజు గురించి ఆమె దగ్గర రెండు జ్ఞాపకాలున్నాయి, ఒకటి తమ తరఫు వకీలు చంద్రాకర్ ఇచ్చింది, అది ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలా ఎక్కడా మడత లేకుండా ఉంటుంది, అందులో హథ్‌ఖోజ్ రోడ్డు మీద ఇనుప రేకులు నింపుకున్న లారీ ఊగుతూ వస్తుంటుంది, హారన్ కొట్టదు, బంపరు మీద మట్టి కూడా కనిపిస్తుంది, వింటూ వింటూ ఉండగా ఆ మట్టి రంగు కూడా ఆమెకి తెలిసిపోయింది. రెండోది ఆమె సొంతం, అది ముక్కలు. ఆదివారం, చరోదాలో రైల్వే క్వార్టర్లో ఉండే ఆడపడుచు ఇంట్లో భోజనం, వస్తూ వస్తూ జితేంద్ర తను పనిచేసే ఫ్యాక్టరీ గేటు ముందు రాజ్‌దూత్ బండిని నెమ్మది చేసి, అదిగో మా షెడ్డు, లేత్ మిషను ఆ కిటికీ పక్కనే అని చూపించడం, ఎండ, పెట్రోలు వాసన, చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా ఎడం చేత్తో పట్టుకోవడం. తరవాత నోట్లో మట్టి. మధ్యలో ఏముందో ఆమె చేయి పెట్టి వెతకలేదు, చీకటి గదిలో పాము ఉందన్న మూలకి ఎవరు చేయి పెడతారు, వకీలు ఇచ్చిన బొమ్మని ఆ మూలకి అడ్డంగా నిలబెట్టి అటు చూడకుండా ఇన్నాళ్ళూ గడిపింది. రాత్రిళ్ళు మాత్రం ఆ లారీ వస్తూనే ఉంటుంది, అది తను చూసిన లారీయో విన్న లారీయో నిద్దట్లో ఎవరు తేలుస్తారు.

"ఒలే, మంచినీళ్ళు తాగు," అంటోంది అత్త సింహాచలమ్మ, సీసా మూత తీసి పట్టుకుని. "పెదాలెండిపోనాయి. నోరెండిపోతే మాటేటొస్తాది?"

"వద్దత్తా."

"వద్దంటే కుదరదు. వకీలుగోరు సెప్పినట్టు సెప్పేసి వచ్చీ, అంతే. పెద్ద పనేటి కాదు."

పెద్ద పని కాదంటూ ఆవిడ పట్టుకున్న సీసాలోంచి నీళ్ళు అంచు దాటి తన చీర మీదే ఒలికాయి, ఇద్దరూ చూశారు, ఇద్దరూ చూడనట్టే ఊరుకున్నారు. ఆవిడ చంకలో గుడ్డసంచి ఉంది, అందులో ఆస్పత్రి బిల్లులు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు, అసలువి వకీలు కోర్టుకి ఇచ్చేశాడు, ఇవి నకళ్ళు, అయినా ఆవిడ సంచిని వదలదు. మావగారు గణపతిరావు ఉద్యోగమంతా ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోకోవెన్‌లో పొగ మింగి రిటైరయ్యాడు, ఆయనకీ అత్తకీ ప్లాంటు ఆస్పత్రిలో దగ్గుకీ కీళ్ళనొప్పులకీ మందులు ఇప్పటికీ వస్తాయి, కానీ పెళ్ళయిన కొడుక్కి ఆ వైద్యపు పుస్తకంలో పేరుండదు, నియమం అది, ఆ రోజు రక్తం ఆపి కట్టు కట్టి, ఇంక బయట ఎక్కడికైనా తీసుకెళ్ళండి అన్నారు. ప్లాంటు ఆస్పత్రిలోనే పుట్టినవాడు మా గుంటడు అని మావగారు అక్కడి మెట్ల మీద కూర్చుని ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా చెప్పాడు. జితేంద్ర పనిచేసే షెడ్డులో ఈఎస్ఐ లేదు. రాజ్‌దూత్‌కి బీమా ఉంది కదా, ఏటా కట్టాం కదా అని ఆ కాగితం పట్టుకుని మావగారు తిరగని చోటు లేదు, చివరికి చంద్రాకర్ వకీలే స్మృతి నగర్‌లో తన ఇంటి వసారాలో కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెప్పాడు, బాబూజీ, మీ బండికున్న బీమా మీ బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళకి, మీ అబ్బాయి కాలికి కాదు, మీ అబ్బాయి కాలికి రావాల్సింది లారీకున్న బీమా నుంచి, ఆస్పత్రి ఖర్చూ, ఇక ముందు ఆపరేషన్ ఖర్చూ, పనికి వెళ్ళని రోజులూ అన్నీ అడగొచ్చు, అయితే తప్పు లారీదని తేలాలి, సగం తప్పు మనదైతే సగం కోస్తారు, మొత్తం మనదైతే వట్టి చేతులు. లారీ బీమా వాళ్ళు కోర్టుకి ఏం రాశారో కూడా చదివి చెప్పాడు. రోడ్డు మీద ఆవు అడ్డం వస్తే దాన్ని తప్పించబోయి మీవాడే రోడ్డు మధ్యకి, లారీ ముందుకి వచ్చాడట. ఆ మాట వినగానే, మావగారి పక్కన కాలు చాపుకుని కూర్చున్న జితేంద్ర ముఖం పాలిపోవడం వనజాక్షి చూసింది, కోపం అనుకుంది, కోపంలో ఆయన ముఖం ఎర్రబడుతుంది కదా, ఎందుకు తెల్లబడింది అని తరవాత ఎప్పుడో వంటింట్లో బియ్యం కడుగుతుంటే తట్టింది, తట్టిన ఆలోచనని కడుగునీళ్ళతో పాటే పారబోసింది.

ఆ వసారాలోనే ఆమెకి పాఠం. వకీలు మంచివాడే, గట్టిగా మాట్లాడడు. నేను లారీ గురించి అడగను, అవతలి వకీలే అడుగుతాడు, అప్పుడు నువ్వే చెబితే మాటకి బలం అని నేర్పాడు. వెనక్కి తిరిగాను, లారీ వేగంగా వస్తోంది, హారన్ కొట్టలేదు. మళ్ళీ చెప్పు దీదీ. వెనక్కి తిరిగాను. మళ్ళీ. అబద్ధం కాదు దీదీ, జరిగింది ఇదే అయ్యుంటుంది కదా, అయ్యుండేదాన్ని చెబుతున్నాం అంతే. ఆ 'అయ్యుంటుంది' అన్న మాట మీద ఆమె అడుగు పెట్టినప్పుడల్లా జారుతోంది. చెప్పకపోతే ఆయన అబద్ధాలకోరు అవుతాడు, డబ్బు రాదు, చీము పట్టిన ఎముకకి రెండో ఆపరేషన్ ఉండదు, ఆలస్యమైతే మోకాలి కింద తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు తలొంచుకుని అన్నాడు కదా, ఎంత వరకు తీస్తారో తన చేత్తో తన పాంటు మీదే గీత గీసి చూపించాడు కదా, ఆ గీత ఇప్పటికీ ఆమె కంటికి కనిపిస్తుంది, రోజూ కట్టు మార్చేటప్పుడు ఆ గీతకి పైన ఎంత కాలుంది కింద ఎంత కాలుంది అని చూపు అక్కడికే పోతుంది. చెబితే దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధం. అవతలి వకీలు తెలివైనవాడట, మాటల్లోంచి మాట లాగుతాడట. ఏం రంగు లారీ, డ్రైవరుకి మీసం ఉందా, నువ్వు ఏ పక్కకి తిరిగావు, బాయేఁనా దాయేఁనా. బాయేఁ అంటే ఎడమ. అన్నం తినని చెయ్యి. వరండా చివర బేడీలు వేసిన ఒక మనిషి కానిస్టేబుల్ పక్కన చతికిలపడి పల్లీలు తింటున్నాడు, ఎంత నిదానంగా తింటున్నాడు, తనకి బేడీలు లేవు, అయినా ఆ నిదానం తనకి లేదు. ఆపరేషన్ సంగతి ఎత్తితే జితేంద్ర, డబ్బొచ్చాక సూద్దాంలే అని గోడవైపు తిరిగిపోతాడు, అప్పిస్తానని ఆడపడుచు భర్త ముందుకొచ్చినా అదే మాట, నొప్పికి భయపడుతున్నాడనుకుంది, ఇన్ని నొప్పులు పడ్డవాడికి ఇంకో నొప్పి అంటే ఎందుకంత...

"వనజాక్షీ, పతి జితేంద్ర! హాజిర్ హో!"

బిళ్ళబంట్రోతు కేక తన పేరుదేనని ఆమెకి వెంటనే తెలియలేదు, అత్త భుజం మీద చెయ్యి వేసి తోస్తేనే కాళ్ళు కదిలాయి. లోపల చీకటిగా, చల్లగా ఉంది, ఫ్యాను గాలికి కాగితాలు రెపరెపలాడుతున్నాయి, ఎత్తు మీద జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, సాక్షి నిలబడే చెక్క కటకటా నడుమెత్తు ఉంది, దాని పైచెక్క ఎందరి చేతుల చెమటకో నున్నగా అరిగిపోయింది, తన చేతులూ అక్కడే పెట్టింది. దేవుడి సాక్షిగా నిజమే చెబుతాను అని వాళ్ళు చెప్పించినట్టు చెప్పింది, హిందీలో దేవుడు కొంచెం దూరంగా ఉన్నట్టు అనిపించింది, అయినా భయం తగ్గలేదు. చంద్రాకర్ అడిగినవి తేలిక, ఆస్పత్రి పేరు, ఎన్నిసార్లు చేర్చారు, ఇప్పుడు నడవగలడా. బండి ఏ పక్క పోతోంది? అన్నం, చెయ్యి, చెయ్యి. "బాయేఁ," అంది, వకీలు కళ్ళు చల్లబడ్డాయి, సరిగ్గానే చెప్పిందన్నమాట. ఆయన కూర్చున్నాడు. బీమా కంపెనీ వకీలు లేచాడు, నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, ఇంటికొచ్చిన పెద్దాయన కుశలం అడిగినట్టు అడిగాడు.

"బండి మీద ఎలా కూర్చున్నావమ్మా? మగవాళ్ళలా రెండు వైపులా కాళ్ళు వేసా, ఒక పక్కకా?"

"ఒక పక్కకి. చీర కదా."

"కాళ్ళు ఎటు?"

ఆమె ఎడమ చెయ్యి దానంతట అదే ఇటు లేచింది. "ఇటు. బాయేఁ."

"అంటే ముఖం రోడ్డు పక్కనున్న కాలవ వైపు. వీపు రోడ్డు వైపు. లారీ పోయింది నీ వీపు వెనకనించి. అవునా?"

అవునని తల ఊపింది, ఊపాక తెలిసింది ఎటు తీసుకుపోతున్నాడో, నేల మెల్లగా వాలిపోతున్నట్టు అనిపించింది.

"మీ ఆయన చెప్పాడు, నువ్వు వెనక్కి తిరిగి లారీని చూశావని. వీపు వెనక పోయే లారీని ఎలా చూశావు?"

వెనక్కి తిరిగాను, అదే జవాబు, వసారాలో ఎన్నోసార్లు చెప్పిన జవాబు, గొంతులో సిద్ధంగా ఉంది, మెడ తిప్పి చూశాను అంటే చాలు. చంద్రాకర్ పెన్ను పైకెత్తి పట్టుకున్నాడు. తలుపు దగ్గర అత్త సంచిని రొమ్ముకి హత్తుకుని నిలబడింది. ఆ లారీ మళ్ళీ వచ్చింది, ఇస్త్రీ మడతలతో, బంపరు మీద మట్టితో, చూడబోతే దాని డ్రైవరుకి ముఖమే లేదు, ఇన్ని నెలలుగా వస్తున్న లారీకి ముఖం లేని డ్రైవరు, అంటే అది తన లారీ కాదు, తనకి తన లారీ అసలు లేదు. చీకటి మూలకి అడ్డం పెట్టిన బొమ్మ పక్కకి ఒరిగింది. ఒక్క మాటతో ఆయన కాలు పోతుంది, ఒక్క మాటతో, ఏ మాటతో.

"చూడలేదు," అంది.

చంద్రాకర్ పెన్ను కిందికి దిగింది. బీమా వకీలు జడ్జివైపు తిరిగి చేతులు చాపాడు, ఇంకేం కావాలి అన్నట్టు. "సాక్షి లారీని చూడలేదు, రాసుకోండి సాబ్."

జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి ఆమెని చూశాడు. "లారీని చూడలేదు. మరి ఏం చూశావు?"

ఇది ఎవరూ నేర్పని ప్రశ్న. ఏం చూసింది? కళ్ళు మూసుకుంది, ఆ మూలకి చెయ్యి పెట్టింది, పాము కరిస్తే కరవనీ అని. పాదాలు. తన పాదాలు, పట్టీలు, కుడికాలికి వారు తెగి పిన్నీసు పెట్టుకున్న చెప్పు. దాని కింద నల్ల రోడ్డు అంచు, అంచు విరిగి మొరం మట్టి, మట్టి పక్కన పచ్చగా, ఒత్తుగా, లేత ఊదారంగు పువ్వులు, మా ఊళ్ళో లొట్టపీసు, ఇక్కడ ఏదో అంటారు, ఆ కొమ్మలు చెప్పులకి టపటప తగులుతుంటే పాలు కారి చీర మీద మరకలు పడతాయని పాదాలు పైకెత్తుకుంది, ఇంత అంచుకేటండీ పడిపోతాం అని అనబోయింది.

"బేషరమ్!" అంది గట్టిగా.

జడ్జిగారు ఉలిక్కిపడ్డాడు. బీమా వకీలు ఆగిపోయాడు. "ఎవరు?"

"చెట్టు సాబ్! బేషరమ్ చెట్లు, కాలవ పక్క ఉంటాయి కదా, సిగ్గులేకుండా ఎక్కడైనా మొలుస్తాయి, అవి. నా పాదాలకి తగులుతున్నాయి. చీరకి పాలు అంటుతాయని కాళ్ళు ఇలా ఎత్తుకున్నాను. అవే చూశాను. తరవాత వాటిలోనే పడ్డాను. అందుకే నాకు దెబ్బలు తగల్లేదు. ఆయన అటు పడ్డారు."

ఎవరో గుమస్తా నవ్వబోయి ఆపుకున్నాడు. జడ్జిగారు నవ్వలేదు. టైపు చేసేవాడివైపు తిరిగి ఒక్కో మాటా విడదీసి చెప్పాడు, మోటారుసైకిలు రోడ్డు ఎడమ అంచుకి ఎంత దగ్గరగా పోతోందంటే కాలవ పక్కనున్న పొదలు సాక్షి పాదాలకి తగులుతున్నాయి. మిషన్ టకటకమంది. తన పాదాలు హిందీలో అచ్చవుతున్నాయి. ఇంకేమైనా అడగాలా అని అడిగితే బీమా వకీలు కాగితాలు సర్దుకుంటూ అడిగాడు, ఆవు వచ్చిందా, చూశావా? ఆవుని కూడా చూడలేదండి, అంది ఆమె. చెట్లు తగలడం ఆగాక ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని కటకటా పట్టుకునే ఉంది. చివర్న సంతకం పెట్టమంటే తెలుగులో పెట్టింది, వేళ్ళు తనవి కానట్టు వంకరగా వచ్చింది.

వరండాలో అత్త సంచి పట్టుకుని ముందు నడిచింది, మెట్ల దగ్గర మాత్రం ఆగి, "సూడనేదన్నావేటే?" అని అడిగింది, కోపంగా కాదు, భయంగా. "ఇప్పుడు మా గుంటడి కాలేటవుద్ది?" జవాబు చెప్పేలోగా వెనకనించి చంద్రాకర్ పరుగులాంటి నడకతో వచ్చాడు, ముఖం చెమటతో మెరుస్తోంది. బండి అంచునే ఉందని కాగితం మీదకెక్కాక బీమావాళ్ళు వచ్చే లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చుంటామంటున్నారు, ఆపరేషన్ ఖర్చు ఆ రోజే తేలిపోతుందనుకుంటాను, నేను నేర్పింది చెప్పి ఉంటే ఆ మెత్తటి గొంతువాడు మనల్ని నిలువునా చీల్చేవాడు దీదీ, అన్నాడు. తేలిపోతుందనుకుంటాను అన్న మాటలో కూడా ఒక 'అనుకుంటాను' ఉంది. అయినా అత్త రెండు చేతులూ ఎత్తి ఏ దేవుడికో, కోర్టు కప్పుకో దణ్ణం పెట్టింది. వనజాక్షి మాత్రం మెట్లు ఒక్కొక్కటీ గోడ పట్టుకుని దిగింది. ఆయన మాట తన మాటతో అబద్ధమైంది. ఆయన ముఖం ఎలా చూడాలి.

జితేంద్ర ఆమెని దూరంనించే చూశాడు, లేవబోయి చంకకర్ర జారి మళ్ళీ కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుని నేలకేసి చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది, లారీని చూడలేదన్నాను, మీరు చెప్పింది నిలబెట్టలేకపోయాను, చెట్లు తగిలాయని మాత్రం చెప్పాను. ఆయన కసురుకుంటాడని ఎదురుచూసింది.

"తగిలాయా?" అన్నాడు. గొంతు ఎవరిదోలా ఉంది. "సచ్చీ? నిజంగా సెట్లు తగిలాయా, నువ్వూ ఎవరైనా నేర్పితే సెప్పావా?"

"ఎవరూ నేర్పలేదండీ. చెప్పు నిండా పాలు. ఇంటికొచ్చాక నేనే కడిగాను."

ఆయన చంకకర్రని రెండు చేతులతో పట్టుకుని దాని మీద నుదురు ఆనించాడు. "నాకేటీ గుర్తు నేదే వనజా. షెడ్డు సూపించాను, అంతే. తరవాత ఆస్పత్రి ఫ్యాను. వకీల్ సాబ్ సెప్పమన్నదే సెప్పాను. ఆవు అని వాళ్ళు రాసినకాణ్ణించీ... అదే నిజమేమో, నేనే తిప్పేనేమో, నిన్ను కూడా సంపేసేవాడినేమో అని. రోజూ అదే. ఎవరితో సెప్పను?" భుజాలు కదిలాయి. "ఈ కాలు ఇలగ కుళ్ళిపోతే పోనీ అనుకున్నాను."

అందుకన్నమాట గోడవైపు తిరిగేది. ఇన్నాళ్ళు ఒకే మంచం మీద, ఒకే చీకటిలో, తనొక భయాన్నీ ఆయనొక భయాన్నీ పక్కపక్కన పడుకోబెట్టుకున్నారు.

"చెట్లు తగిలాయి," అంది మళ్ళీ. "అంచునే నడిపారు మీరు. ఇంత అంచుకేటని తిట్టబోయాను కూడా."

"ఆ తరవాత?"

అబద్ధం చెప్పడానికి ఇంతకంటే తేలికైన చోటు లేదు, ప్రమాణం లేదు, జడ్జి లేడు, ఆవు రాలేదండీ అంటే చాలు, ఆయన జన్మంతా ఆ మాట మీద పడుకుంటాడు. టైపు మిషన్లు ఒకదాని మీద ఒకటి మోగుతున్నాయి.

"ఆ తరవాత నాకూ తెలీదు," అంది.

ఆయన తలెత్తి ఆమెని చూశాడు, ఆ చూపులో నిరాశ ఉందేమోనని వెతికింది, ఉంది కొంచెం, దాని పక్కనే ఇంకేదో ఉంది, చాన్నాళ్ళకి ఒక మనిషి ఇంకో మనిషిని చూసే చూపు. బట్ట కప్పిన కాలుమీద చెయ్యి వేసుకుని, మోకాలి కింద ఆ గీత ఉండే చోట ఆపాడు.

"ఆపరేషన్ సేయించుకుంటాను. ఎప్పుడంటే అప్పుడే." కాసేపటికి, చిన్నపిల్లాడిలా, "తీసెయ్యరు కదే?" అన్నాడు.

"తెలీదండీ," అంది వనజాక్షి. అత్త చూస్తోందనీ కోర్టు నిండా జనం ఉన్నారనీ తెలిసి కూడా, చెమట పట్టిన తన చేతిని ఆయన చేతి మీద వేసింది.